పాపకి రక్తం ఎక్కిస్తుండగా చలిజ్వరం వచ్చింది, ఈసారి ఏం చూసుకోవాలి?

చిన్నితల్లి_ఖమ్మం:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా పాపకి ఆరేళ్లు, తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని పుట్టుకతో వచ్చే జబ్బు. ఏడాది నిండకముందే బయటపడింది, అప్పట్నుంచి మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూనే ఉన్నాం. ఇన్నాళ్లూ పెద్ద ఇబ్బందేం రాలేదు, ఎప్పుడన్నా ఒంటిమీద దద్దుర్లు లేస్తే ఎలర్జీకిచ్చే అవిల్ వేసేవాళ్లు, తగ్గిపోయేది. పోయినసారి మాత్రం సగం బ్యాగ్ ఎక్కాక "అమ్మా చలి" అంది, ఫ్యాన్ ఆపి దుప్పటి కప్పేలోపు పళ్లు టకటకా కొట్టుకునేంత వణుకు పట్టుకుంది, ఒళ్లు కాలిపోతుంది, థర్మామీటర్ పెడితే 102. సిస్టర్ వచ్చి డ్రిప్ ఆపి అవిల్, హైడ్రోకార్ట్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేసి ప్యారాసెటమాల్ సిరప్ పట్టించింది. అరగంటకి వణుకు తగ్గింది, తగ్గాక అదే బ్యాగ్ మళ్లీ స్టార్ట్ చేసి నిదానంగా పూర్తిచేశారు. డాక్టర్ గారిని అడిగితే ఎక్కువసార్లు ఎక్కించుకునే పిల్లలకి ఇది మామూలేనమ్మా అన్నారు. ఇంటికొచ్చి చూసుకుంటే డిశ్చార్జ్ కాగితాల్లో ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

నాకు తెలియాల్సింది ఏంటంటే, రక్తం గొట్టానికి పెట్టే ఫిల్టర్ కొనుక్కుని తెచ్చుకుంటే రాదు అని పక్క బెడ్ వాళ్లు చెప్పారు, నిజమేనా? ముందే అవిల్ వేయించేస్తే సరిపోతుందా? ఎలాంటివి కనిపిస్తే ఆపమని మనం గట్టిగా అడగాలి? ఇంకో విషయం, దీనికి సంబంధం ఉందో లేదో నాకు తెలీదు, ఎక్కించి పది రోజులు అయింది, మామూలుగా అయితే ఈ టైంకి పాప గడప దాటి వీధిలోనే ఉంటుంది, ఆటలే ఆటలు. ఈసారి అప్పుడే నీరసపడిపోయి ఒళ్లోనే పడుకుంటుంది, కళ్లు కూడా ఎప్పటికన్నా పచ్చగా అనిపిస్తున్నాయి. మా అత్తగారు కామెర్లే, పసరు పోయిద్దాం అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

వార్డుసిస్టర్_గుంటూరు:

అమ్మా ముందు ధైర్యంగా ఉండండి. నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్స్‌ని, మా దగ్గర తలసీమియా పిల్లలు రెగ్యులర్‌గా వస్తారు. చలి, వణుకు, జ్వరం ఏది మొదలైనా మొదట చెయ్యాల్సింది రక్తం ఆపడం. స్పీడు తగ్గించడం కాదు, పూర్తిగా ఆపడం. ఎందుకంటే మామూలు జ్వరం రియాక్షన్ అయినా, పొరపాటున గ్రూపు తేడా రక్తం ఎక్కినా, బ్యాగ్‌లో బ్యాక్టీరియా చేరినా మొదట్లో మూడూ ఒకేలా ఉంటాయి, మంచం పక్కన నిలబడి చూసి ఇది ఫలానాది అని చెప్పడం ఎవరి వల్లా కాదు. ఒకటి ప్యారాసెటమాల్‌తో పోయేది, మిగతా రెండూ ప్రాణం మీదకి వచ్చేవి. అందుకే ఆపాక సెట్ మార్చి కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ నిలబెడతాం, పాత సెట్‌లో ఉన్న రక్తం కూడా లోపలికి పోకూడదు. బీపీ, పల్స్, టెంపరేచర్, ఆక్సిజన్ చూస్తాం, బ్యాగ్ మీద పేరు, నంబరు, గ్రూపు మళ్లీ పేషెంట్‌తో సరిచూస్తాం, డాక్టర్‌కీ బ్లడ్ బ్యాంక్‌కీ ఫోన్ చేస్తాం.

మీరు పక్కన కూర్చున్నప్పుడు చూడాల్సినవి చెప్తా. చలి, జ్వరం కాకుండా నడుంనొప్పి, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, సూది పెట్టిన చోటు నుంచి నరం వెంట మంట, ఆయాసం, గొంతు బొంగురుపోవడం, పెదాలు వాయడం, వాంతి. పిల్లలు నోటితో చెప్పలేరు, ఉన్నట్టుండి చిరాకు పడిపోతారు, కుదురుగా ఉండరు, భయంగా చూస్తారు, అది కూడా లెక్కలోకే తీసుకోండి. మూత్రం డికాషన్ రంగులో వస్తే అస్సలు ఆగొద్దు. ఒకవేళ సిస్టర్ ఇంకో పేషెంట్ దగ్గర ఇరుక్కుపోయి రావడం లేటయితే డ్రిప్ గొట్టానికి చిన్న చక్రం ఉంటుంది కదా, దాన్ని కిందకి తోసేసి చుక్క ఆపి అప్పుడు కేకెయ్యండి. క్యానులా మాత్రం పీకొద్దు, మందు ఇవ్వాలంటే ఆ దారే కావాలి.

మొదటి 15 నిమిషాలు చాలా నిదానంగా పోవాలి, ఆ టైంలో ఎవరో ఒకరు పాప మొహం చూస్తూ ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. బ్యాగ్ ఫ్రిజ్ లోంచి బయటికొచ్చిన అరగంటలో మొదలుపెట్టాలి, మొత్తం 4 గంటల్లో అయిపోవాలి. ఇంకో అలవాటు చాలా చోట్ల చూస్తున్నా, బ్యాగ్ చల్లగా ఉందని అటెండెంట్ చేతికిచ్చి చంకలో పెట్టుకోమంటారు, కొంతమంది వేడినీళ్ల గిన్నెలో పెడతారు. వేడికి రక్తకణాలు పగిలిపోతాయి, ఆ పగిలిన రక్తం ఎక్కితే అదే ఒక రియాక్షన్. ఎవరన్నా చెప్పినా చెయ్యకండి. అదే లైన్‌లో గ్లూకోజ్ గానీ ఆర్‌ఎల్ అనే వేరే డ్రిప్ గానీ మందులు గానీ కలపనివ్వకండి, నార్మల్ సెలైన్ ఒక్కటే రక్తంతో పడుతుంది.

ఒట్టి దద్దుర్లు, దురద మాత్రమే ఉండి జ్వరం, ఆయాసం ఏం లేకపోతే అవిల్ వేసి తగ్గాక అదే బ్యాగ్ నిదానంగా కంటిన్యూ చెయ్యొచ్చు, అది ఒప్పుకున్నదే. వణుకుతో 102 వచ్చాక మాత్రం అదే బ్యాగ్ మళ్లీ పెట్టకూడదు. గొంతు వాచి ఊపిరాడకపోతే అవిల్‌తో కాలక్షేపం చెయ్యకూడదు, తొడ కండలో అడ్రినలిన్ ముందు పడాలి.

రక్తనిధి_డాక్టర్:

సిస్టర్ గారు చెప్పింది అంతా సరైనదే. కానీ అమ్మా, మీ పోస్ట్‌లో నాకు కంగారు పుట్టించింది ఆ రోజు జ్వరం కాదు, చివర్లో మీరు రాసిన నాలుగు ముక్కలు. పది రోజులకే నీరసపడిపోవడం, కళ్లు పచ్చబడటం. దయచేసి దీన్ని మూడు వారాల డేట్ దాకా ఆపకండి, రేపు పొద్దున్నే తీసుకెళ్లండి. ఈలోపు మూత్రం బాగా రంగు మారినా, మూత్రం తగ్గినా, ఆయాసపడినా, మగతగా ఉన్నా రాత్రయినా సరే వెళ్లిపోండి. పసరు మాత్రం వద్దు, కంట్లో వేసేదైనా తాగించేదైనా వద్దు, మాటిమాటికి రక్తం ఎక్కించడం వల్ల లివర్ మీద ఇప్పటికే ఐరన్ భారం ఉన్న పిల్ల.

నేను అనుమానపడేది ఏంటంటే లేటుగా వచ్చే హిమోలిటిక్ రియాక్షన్, అంటే ఎక్కించిన ఎర్రకణాలు పగిలిపోవడం. మనం గ్రూప్ అంటే ఏ, బీ, ఓ, పాజిటివ్, నెగెటివ్ ఇంతవరకే చూస్తాం, కానీ ఎర్రకణం పైన యాంటిజెన్లు అనే గుర్తులు మూడు వందలకి పైనే ఉన్నాయి. వాటిల్లో ఆర్‌హెచ్ అనే గుంపులోనే బిగ్ సీ, స్మాల్ సీ, బిగ్ ఈ, స్మాల్ ఈ అని ఉంటాయి, ఇంకా కెల్, కిడ్, డఫ్ఫీ. మీ పాపకి లేనిది దాత రక్తంలో ఉంటే పాప శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి దాని మీద పోరాడే యాంటీబాడీ తయారుచేసుకోవచ్చు. అన్నిసార్లూ చేసుకోదు, చేసుకుంటే మాత్రం తర్వాత అదే యాంటిజెన్ ఉన్న రక్తం ఎక్కినప్పుడు కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లోపు, ఒక్కోసారి ఇంకా లేటుగా ఆ కణాలన్నిటినీ పగలగొట్టేస్తుంది. హిమోగ్లోబిన్ తొందరగా పడిపోతుంది, బిలిరుబిన్ పెరిగి కళ్లు పచ్చబడతాయి, సన్నజ్వరం ఉండొచ్చు. క్రాస్ మ్యాచ్, అంటే దాత రక్తం పాప రక్తంతో కలుస్తుందో లేదో ముందే చూసే టెస్ట్, చేశాం కదా అంటారు. యాంటీబాడీ కొన్నాళ్లకి రక్తంలో టెస్ట్‌కి దొరకనంత తగ్గిపోతుంది, అప్పుడు క్రాస్ మ్యాచ్ మామూలుగానే కలుస్తుంది, ఎక్కించాక శరీరానికి పాత జ్ఞాపకం వచ్చి మళ్లీ పెరుగుతుంది. కిడ్ యాంటీబాడీలు ఇందులో మరీ మోసం చేస్తాయి.

వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్, ఎర్రకణాలకి యాంటీబాడీ అంటుకుందేమో చూసే డీసీటీ, యాంటీబాడీ స్క్రీనింగ్ అంటే ఐసీటీ అని రాస్తారు అది, బిలిరుబిన్ డైరెక్ట్ ఇండైరెక్ట్ విడివిడిగా, కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్, కిడ్నీ కోసం క్రియాటినిన్, యూరిన్ చేయించమని అడగండి. తలసీమియా పిల్లల కళ్లు కొంచెం పచ్చగా ఉండటం మామూలే, అందుకే చాలామంది పట్టించుకోరు, కానీ మార్పు వచ్చింది అని తల్లి అంటున్నప్పుడు అది లెక్కే. హెపటైటిస్ లాంటివి కూడా కావచ్చు, లివర్ టెస్టులు కలిపి చేస్తే అదీ తేలిపోతుంది. ఒక్కటి గట్టిగా చెప్తున్నా, హిమోగ్లోబిన్ తగ్గింది కదా అని ఈ టెస్టులకి శాంపిల్ తియ్యకుండా హడావుడిగా ఇంకో బ్యాగ్ ఎక్కించేస్తే అదే తప్పు రక్తం మళ్లీ పడొచ్చు, అది కూడా పగిలిపోతుంది.

చిన్నితల్లి_ఖమ్మం:

సార్ చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. పొద్దున్నే ఫస్ట్ బస్‌కి బయల్దేరుతున్నాం. మీరు రాసిన టెస్టుల పేర్లు కాగితం మీద రాసుకున్నా. మూత్రం ఇప్పుడు చూశాను, పసుపుగా ఉంది, మరీ నల్లగా లేదు. పాప మాట్లాడుతుంది, కొంచెం తింది.

ల్యాబ్‌టెక్_నెల్లూరు:

మంచిదండి, వెళ్లండి. నేను బ్లడ్ బ్యాంక్‌లో టెక్నీషియన్‌ని, రియాక్షన్ అయిన బ్యాగ్ మా దగ్గరికి వస్తే ఏం చేస్తామో చెప్తా, ఎందుకంటే చాలా వార్డుల్లో ఆ బ్యాగ్ తీసుకెళ్లి పసుపు డబ్బాలో పడేస్తారు, దాంతో అసలు కారణం కూడా చెత్తలోకి పోతుంది. బ్యాగ్‌లో మిగిలింది ఎంతైనా సరే, సెట్‌తో సహా మూసి మాకు పంపాలి, దాంతోపాటు పేషెంట్ వేరే చేతి నుంచి తీసిన కొత్త శాంపిల్ రెండు ట్యూబుల్లో, మొదట వచ్చిన మూత్రం, నింపిన రియాక్షన్ ఫారం. మేం ముందు కాగితాలు చూస్తాం, పేరు, ఐపీ నంబర్, బ్యాగ్ నంబర్ కలిసాయా లేదా అని, ఎందుకంటే గ్రూపు తేడా పడి ప్రాణాలు పోయిన కేసుల్లో ఎక్కువ శాతం టెస్ట్ తప్పడం వల్ల కాదు, ఒకరి శాంపిల్ మీద ఇంకొకరి పేరు పడటం వల్ల, లేదా ఒకరి బ్యాగ్ ఇంకొకరి బెడ్ దగ్గరికి పోవడం వల్ల. తర్వాత ఎక్కించక ముందు తీసిన శాంపిల్, తర్వాత తీసిన శాంపిల్ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పక్కపక్కన పెట్టి వెలుతురుకి చూస్తాం, పైన తేలిన ప్లాస్మా ముందుది లేత పసుపుగా ఉండి తర్వాతది గులాబీ రంగులో ఉంటే కణాలు పగిలాయని అప్పుడే అర్థమైపోతుంది, మెషీన్ కూడా అక్కర్లేదు. రెండిటికీ గ్రూప్ మళ్లీ చేస్తాం, డీసీటీ చేస్తాం, క్రాస్ మ్యాచ్ మళ్లీ వేస్తాం, జ్వరం బాగా ఎక్కువ ఉంటే బ్యాగ్‌ నుంచి బ్యాక్టీరియా ఉందేమో చూసే కల్చర్ పంపిస్తాం. పాత శాంపిల్స్ మేం కనీసం వారం దాచేది ఇందుకే.

మీ పాప విషయంలో బ్యాగ్ వెనక్కి వెళ్లలేదు కాబట్టి ఆ దారి ఇప్పుడు లేదు, కానీ ఆ రోజు ఎక్కించిన బ్యాగ్ నంబర్ బ్లడ్ బ్యాంక్ రిజిస్టర్‌లో ఉంటుంది, అడగండి. అలాగే రియాక్షన్ అయిందని ఇప్పుడైనా రిపోర్ట్ చెయ్యమనండి. మన దేశంలో దీనికి హీమోవిజిలెన్స్ ప్రోగ్రాం అని ఉంది, 2012 డిసెంబర్ 10న మొదలైంది, నోయిడాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ వాళ్లు చూస్తారు, హాస్పిటళ్లు, బ్లడ్ బ్యాంకులు హీమోవిజిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాయి. పేషెంట్ పేరు బయటికి రాదు, ఎవర్నీ శిక్షించడానికి కూడా కాదు. రిపోర్ట్ రాస్తే మా మీదకి వస్తుందేమో అని వార్డుల్లో భయపడతారు, ఆ భయం వల్లే చాలా రియాక్షన్లు లెక్కలోకి రాకుండా పోతున్నాయి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

శాంపిల్ తీసేటప్పుడు కూడా ఒక కన్నేసి ఉంచండి. ట్యూబ్ మీద పేరు మీ మంచం దగ్గరే, మీ కళ్ల ముందే రాయాలి. ఖాళీ ట్యూబులు పట్టుకుపోయి కౌంటర్ దగ్గర అందరివీ కలిపి రాస్తే అక్కడే తారుమారు అవుతాయి.

తలసీమియా_నాన్న_వరంగల్:

చెల్లె, మా బాబుకు ఇప్పుడు పదిహేనేండ్లు, వాడు కూడా మేజరే, ఎనిమిది నెలలప్పటి నుంచి ఎక్కిస్తున్నం. డాక్టర్ సారు చెప్పింది వెంటనే చెయ్యి. నేను చెప్పేది తర్వాత పనికొస్తది.

ఒక పెద్ద నోటు బుక్కు పెట్టు. ప్రతిసారి తారీఖు, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ ఎంత, పాప బరువు, బ్యాగు నంబరు, గ్రూపు, ఆ బ్యాగు రక్తం తీసిన తారీఖు, ఎన్ని ఎంఎల్, ఎన్నింటికి మొదలు ఎన్నింటికి అయిపాయె, ఏమన్న అయితే ఏమైంది ఏం మందు ఇచ్చిన్రు, అన్ని రాయి. వాళ్లు కాగితంల రాసినా రాయకపోయినా నీ బుక్కుల ఉంటది. మాకు ఎట్ల పనికొచ్చిందంటే, రెండు సార్ల మధ్యల హిమోగ్లోబిన్ ఎంత పడ్తున్నదో చూసుకుంటే మెల్లమెల్లగ తేడా కనపడ్డది, ఇదివరకు మూడు వారాలు ఆగేది కాస్త రెండున్నరకే కళ్లు తేలేస్తున్నడు, బుక్కు చూపిస్తేనే డాక్టరమ్మ యాంటీబాడీ టెస్టు రాసింది. వట్టిగ నోటితో చెప్తే ఎవ్వరు నమ్మరు చెల్లె, అంకెలు చూపియ్యాలె.

ఫిల్టర్ సంగతి. తెల్లకణాల వల్ల వచ్చే చలి జ్వరానికి ఫిల్టర్ మంచిగ పని చేస్తది, మావాడికి ఫిల్టర్ మొదలుపెట్టినంక వణుకు రాలే. కానీ మంచం కాడ పెట్టే ఫిల్టర్ కన్న బ్లడ్ బ్యాంకుల రక్తం తీసినప్పుడే ఫిల్టర్ చేసి దాచిన బ్యాగు మేలు, లూకోరెడ్యూస్డ్ అంటరు, అట్ల అడుగు. దద్దుర్లకు ఫిల్టర్ పని చెయ్యదు, అది ప్లాస్మాతోని వచ్చేది, మాటిమాటికి దద్దుర్లు ఎక్కువ వస్తే కణాలను సెలైన్‌తోని కడిగి ఇస్తరు. ఇప్పుడు నీ పాపకు సార్ చెప్తున్న యాంటీబాడీ సంగతికి కూడ ఫిల్టర్‌తోని ఏం కాదు, దానికి మ్యాచింగే మందు.

ఇంకోటి, పాపకు డిజెబిలిటీ సర్టిఫికెట్ తీసుకున్నవా? తలసీమియా 2016 చట్టంల ఉన్నది. సర్కారు బ్లడ్ బ్యాంకుల తలసీమియా పిల్లలకు రక్తం పైసల్ లేకుండ ఇయ్యాలె, ఎవరన్న అడిగితే గట్టిగ మాట్లాడు.

రక్తనిధి_డాక్టర్:

వరంగల్ అన్న గారు మంచి మాట చెప్పారు, ఆ పుస్తకం చూపించే తల్లిదండ్రులు వస్తే మా పని సగం అయిపోయినట్టే.

ముందే అవిల్ వేయించడం గురించి ఇందాక చెప్పలేదు. ఇది మన దగ్గర దాదాపు ఆచారం అయిపోయింది, బ్యాగ్ పెట్టకముందే అందరికీ అవిల్, హైడ్రోకార్ట్. ఇంతకుముందు ఏ రియాక్షనూ రాని వాళ్లకి దీనివల్ల పెద్ద లాభం కనపడలేదు, చాలా పరిశోధనల్లో తేలింది అదే. పైగా అవిల్‌కి పిల్లలు మగతగా పడుకుంటారు, నడుంనొప్పి అని గానీ చలి అని గానీ చెప్పే మనిషి నిద్రపోతుంటే మనకెలా తెలుస్తుంది? ప్యారాసెటమాల్ కూడా అంతే, మొదటి హెచ్చరిక జ్వరమే కదా, దాన్నే అణిచిపెడుతుంది. మాటిమాటికి దద్దుర్లు వచ్చే పిల్లలకి డాక్టర్ చూసి ఇస్తే అది వేరే సంగతి. స్టెరాయిడ్ మాత్రం ఆరేళ్ల పిల్లకి మూడు వారాలకోసారి ఊరికే వెయ్యనివ్వకండి.

చిన్నితల్లి_ఖమ్మం:

అందరికీ అప్‌డేట్ ఇస్తున్నా, లేటయింది ఏమనుకోకండి, హాస్పిటల్లోనే ఉండిపోయాం. వేరే పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. హిమోగ్లోబిన్ 6.4 వచ్చింది, ఎక్కించి రెండు వారాలు కూడా కాలేదు. డీసీటీ పాజిటివ్, ఇండైరెక్ట్ బిలిరుబిన్ ఎక్కువ ఉంది, ఎల్‌డీహెచ్ బాగా ఎక్కువ. కిడ్నీలు బాగున్నాయన్నారు, లివర్ వైరస్ టెస్టులన్నీ నెగెటివ్. యాంటీబాడీ స్క్రీనింగ్ పాజిటివ్ వస్తే ఇంకో శాంపిల్ తీసుకుని అది ఏ యాంటీబాడీయో తేల్చే పెద్ద ప్యానెల్ వేశారు, యాంటీ బిగ్ ఈ అని తేలింది. డాక్టర్ సార్ అన్నట్టే అయింది. అక్కడ మేడమ్ కూడా శాంపిల్ తియ్యకుండా రక్తం పెట్టనివ్వలేదు, ఆ రోజంతా పాపని కనిపెట్టుకుని కూర్చున్నాం, సెలైన్ పెట్టారు, మూత్రం ఎంత వస్తుందో కొలిచారు. మర్నాడు బిగ్ ఈ నెగెటివ్, కెల్ నెగెటివ్ బ్యాగ్ వెతికి ఇలాంటి యాంటీబాడీలని కూడా పట్టే కూంబ్స్ క్రాస్ మ్యాచ్ చేసి చాలా నిదానంగా ఎక్కించారు, సిస్టర్ మొదటి పావుగంట మంచం పక్కనే నిలబడింది. ఏం కాలేదు. తర్వాత 9.8 వచ్చింది, వారం తర్వాత చూస్తే నిలబడింది, 9.3. నిన్నట్నుంచి పాప మళ్లీ వీధిలోకి పరిగెడుతుంది.

మా అత్తగారు టెస్టు కాగితం చూపిస్తే ఏం మాట్లాడలేదు, కానీ పసరు మాట మళ్లీ ఎత్తలేదు. ఆవిడ కూడా పాప కోసమే అన్నది, నాకు కోపం లేదు.

ఇప్పుడు నా అనుమానం, ఈ బిగ్ ఈ లేని రక్తం ప్రతిసారీ దొరుకుతుందా? ఖమ్మంలోనే ఎక్కించుకోవచ్చా లేక ప్రతిసారి ఇంత దూరం రావాలా? ఈ యాంటీబాడీ ఎప్పటికైనా పోతుందా?

రక్తనిధి_డాక్టర్:

చాలా సంతోషం అమ్మా. బిగ్ ఈ అంటే కంగారు పడాల్సిన పనిలేదు, మన దాతల్లో ఎక్కువమంది బిగ్ ఈ నెగెటివే, వెతికితే దొరుకుతుంది. యాంటీబాడీ పోయింది అని ఎప్పుడూ అనుకోవద్దు. ఆరు నెలల తర్వాత టెస్ట్‌లో నెగెటివ్ రావచ్చు, అప్పుడు ఎవరో ఒకరు "ఇప్పుడు ఏం లేదు, మామూలు రక్తం పెట్టేద్దాం" అంటారు, ఒప్పుకోకండి, జీవితాంతం బిగ్ ఈ నెగెటివే. అక్కడ ఇచ్చిన రిపోర్ట్ లామినేట్ చేయించి పాప బ్యాగ్‌లో ఒకటి, మీ పర్సులో ఒకటి పెట్టండి, ఫోన్లో ఫోటో ఉంచండి. ఒక యాంటీబాడీ చేసుకున్న పిల్లలు రెండోది చేసుకునే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ, అందుకే ఇకనుంచి ఆర్‌హెచ్ మొత్తం, కెల్ కూడా కలిపి మ్యాచ్ చేసి ఇవ్వమనండి. మొదటిసారి రక్తం ఎక్కించకముందే పాప సొంత ఫినోటైప్, అంటే పాప ఎర్రకణాల మీద ఏ యాంటిజెన్లు ఉన్నాయో చూసే టెస్ట్, చేసి ఉంచితే బాగుండేది, ఇప్పుడు పాప రక్తంలో దాతల కణాలు కలిసి ఉంటాయి కాబట్టి మామూలు టెస్ట్ తికమక పెడుతుంది, అవసరమైతే డీఎన్‌ఏ ద్వారా చెయ్యొచ్చు. ఇది చదివే వాళ్లల్లో కొత్తగా తలసీమియా బయటపడిన పిల్లల తల్లిదండ్రులు ఉంటే, మొదటి బ్యాగ్‌కి ముందే ఫినోటైప్ చేయించండి, ఒక్కసారి చేస్తే చాలు.

కిరణ్_వైజాగ్:

మధ్యలో వస్తున్నందుకు సారీ అండి, ఈ థ్రెడ్ చదివాక అడగాలనిపించింది. మా నాన్నగారికి 72, కిడ్నీ ప్రాబ్లం, వారానికి రెండు డయాలసిస్‌లు. పోయిన నెల హిమోగ్లోబిన్ 6 ఉందని సాయంత్రం అడ్మిట్ చేసి వరసగా రెండు బ్యాగులు ఎక్కించారు, రాత్రి పన్నెండింటికి ఆయాసం, పడుకోలేకపోయారు, దగ్గితే నురగ, బీపీ 190 దాటింది. ఐసీయూకి మార్చి నీరు తీసే లాసిక్స్ ఇచ్చి డయాలసిస్ పెడితే తగ్గింది. రక్తం పడలేదు అన్నారు. ఇక ఆయనకి రక్తం ఎక్కించకూడదా?

రక్తనిధి_డాక్టర్:

కిరణ్ గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి రక్తం పడకపోవడం కాదనిపిస్తుంది, నీరు ఎక్కువైపోయి గుండె మోయలేకపోవడం, టాకో అంటాం. వయసు పైబడిన వాళ్లు, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, చాలాకాలంగా రక్తం తక్కువ ఉన్నవాళ్లలో ఎక్కువ చూస్తాం, ఎక్కించేటప్పుడు గానీ, అయ్యాక 12 గంటల్లోపు గానీ వస్తుంది. కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టడం, లాసిక్స్, మూత్రం రాని వాళ్లకి డయాలసిస్, వాళ్లు చేసింది సరైనదే. ట్రాలి అని ఇంకోటి ఉంది, అది దాత రక్తంలోని యాంటీబాడీలతో ఊపిరితిత్తులు దెబ్బతినడం, 6 గంటల్లోపు వస్తుంది, అందులో తరచుగా బీపీ పడిపోతుంది, జ్వరం ఉంటుంది, లాసిక్స్‌కి తగ్గదు. మీ నాన్నగారికి బీపీ పెరిగింది, నీరు తీస్తే తగ్గింది, కాబట్టి టాకో వైపే ఎక్కువ. కేస్ షీట్‌లో ఆ పేరు రాయించండి, లేకపోతే "రక్తం పడదు" అనే మాట ఆయన వెంట పడుతుంది.

రక్తం ఎక్కించొచ్చు. ఒకసారికి ఒక్క బ్యాగే, అది అయ్యాక చూసి రెండోది కావాలో వద్దో తేల్చుకోవాలి. డయాలసిస్ నడుస్తుండగానే మెషీన్ మీద ఎక్కిస్తే నీరు అక్కడికక్కడే తీసేస్తారు, డయాలసిస్ వాళ్లకి అదే అన్నిటికన్నా మంచి పద్ధతి. పగలే పెట్టించండి, రాత్రి వార్డులో చూసేవాళ్లు తక్కువ. అసలు రక్తం అవసరం పడకుండా ఒంట్లో రక్తం తయారవ్వడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్ సరిగ్గా పడుతున్నాయో లేదో నెఫ్రాలజిస్ట్‌ని అడగండి.

ల్యాబ్‌టెక్_నెల్లూరు:

చెల్లెమ్మా, ఖమ్మంలో ఎక్కించుకోవచ్చా అని అడిగారు కదా. ఎక్కించడం మీ ఊళ్లోనే చెయ్యొచ్చు, మ్యాచింగ్ మాత్రం యాంటీబాడీ స్క్రీనింగ్, యాంటిజెన్ టైపింగ్ చేసే బ్లడ్ బ్యాంక్‌లో జరగాలి. మీ డేట్‌కి రెండు రోజుల ముందే కొత్త శాంపిల్ ఇచ్చెయ్యండి, పాత శాంపిల్‌తో మ్యాచ్ చేయనివ్వకండి, మూడు రోజులు దాటితే పనికిరాదు. రిక్వెస్ట్ ఫారంలో ఇంతకుముందు రియాక్షన్ వచ్చిందా అని ఒక గడి ఉంటుంది, చాలా ఫారాల్లో అది ఖాళీగానే వస్తుంది, అందులో "యాంటీ బిగ్ ఈ ఉంది, బిగ్ ఈ నెగెటివ్, కెల్ నెగెటివ్, లూకోరెడ్యూస్డ్ కావాలి" అని డాక్టర్ చేత రాయించి సంతకం పెట్టించండి. మాకు ముందే తెలిస్తే మేం స్టాక్‌లో వెతికి పక్కన పెడతాం, లేకపోతే పక్క జిల్లా బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేస్తాం. అదేరోజు పొద్దున వచ్చి అడిగితేనే ఇబ్బంది.

చిన్నితల్లి_ఖమ్మం:

అన్నా చాలా థాంక్స్, ఫారం మాట ఎవరూ చెప్పలేదు నాకు. ఖమ్మంలో ఫోన్ చేసి కనుక్కున్నా, వాళ్లు స్క్రీనింగ్ వరకు చేస్తారంట, టైపింగ్‌కి శాంపిల్ హైదరాబాద్ పంపిస్తారంట, రెండు రోజులు కాదు నాలుగు రోజులు పడుతుంది అన్నారు. మరి మీరు శాంపిల్ మూడు రోజులే అన్నారు కదా, ఎట్లా?

ల్యాబ్‌టెక్_నెల్లూరు:

టైపింగ్ చెయ్యాల్సింది బ్యాగ్‌కి కదమ్మా, పాపకి కాదు, కాబట్టి పాప శాంపిల్ దానికోసం ఆగాల్సిన పనిలేదు. బిగ్ ఈ నెగెటివ్ బ్యాగులు రెండు మూడు ముందే టైప్ చేయించి తెప్పించి పెట్టమనండి, ఎర్రకణాల బ్యాగ్ ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటుంది. అవి వచ్చాక పాప శాంపిల్ తాజాగా ఇచ్చి స్క్రీనింగ్, కూంబ్స్ క్రాస్ మ్యాచ్ ఖమ్మంలోనే చేయించుకోండి. బ్లడ్ బ్యాంక్ మెడికల్ ఆఫీసర్‌ని నేరుగా కలిసి మీ డేట్లు మూడు నెలలవి ఒకేసారి రాసిచ్చి రండి.

చిన్నితల్లి_ఖమ్మం:

అర్థమైంది అన్నా. సోమవారం వెళ్లి కలుస్తా, రిపోర్ట్, బుక్కు రెండూ పట్టుకెళ్తా.